రాన్ బ్రౌన్ స్కాలర్‌షిప్‌కి మా స్టూడెంట్ అప్లై చేస్తున్నాడు, సిఫారసు లేఖ ఎలా రాయాలి?

లెక్కల_టీచర్:
అందరికీ నమస్కారం. నేను విదేశీ టీచర్లని కొన్నేళ్ళకి పిలిపించే జే-1 వీసా మీద వచ్చి దక్షిణ కరోలినాలో ఒక చిన్న ఊరి పబ్లిక్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. అంతకుముందు గుంటూరు వైపు ఒక జూనియర్ కాలేజీలో చెప్పేదాన్ని. మా స్కూల్లో పన్నెండో తరగతి చదివే నల్లజాతి అబ్బాయి ఒకడు రాన్ బ్రౌన్ స్కాలర్ ప్రోగ్రాంకి అప్లై చేస్తూ, కావాల్సిన రెండు సిఫారసు లేఖల్లో చదువు గురించినది నన్ను రాయమని అడిగాడు. సంతోషం వేసింది కానీ అంతకు మించి టెన్షన్ పట్టుకుంది. ఎంపికైతే ఏడాదికి పది వేల డాలర్ల చొప్పున నాలుగేళ్ళకి నలభై వేలు ఇస్తారట, ఏ కోర్సు చదివినా పర్వాలేదట. దేశం మొత్తం మీద ఎంపికయ్యేది చాలా కొద్దిమంది. వాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు, సాయంత్రాలు కిరాణా షాపులో పనిచేస్తాడు, మా స్కూల్లో పై లెవెల్ కాలిక్యులస్ లేకపోతే బడి అయ్యాక నా క్లాసులో కూర్చుని సొంతంగా నేర్చుకుంటున్నాడు.

మన దగ్గర నేను రాసినవన్నీ కాండక్ట్ సర్టిఫికెట్లే. "నడవడిక సంతృప్తికరం" అని సంతకం పెట్టి స్టాంపు వేసేవాళ్ళం. ఇక్కడ అది చాలదని అర్థమవుతోంది. ఇలాంటి లేఖలు రాసినవాళ్ళు, చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ రాన్ బ్రౌన్ ఎవరో కూడా కాస్త చెప్పండి, పేరు తప్ప నాకేమీ తెలియదు.

రాలీ_మామయ్య:
టీచర్ గారూ, రాన్ బ్రౌన్ క్లింటన్ మొదటి క్యాబినెట్‌లో వాణిజ్య మంత్రి. ఆ పదవిలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. అంతకుముందు 1989లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీకి ఛైర్మన్ అయ్యారు, రెండు పెద్ద పార్టీల్లో ఏ పార్టీకైనా నల్లజాతి ఛైర్మన్ అదే మొదలు. 1996 ఏప్రిల్ 3న క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ దగ్గర వాళ్ళ ఎయిర్‌ఫోర్స్ విమానం కొండకి గుద్దుకుని అందులో ఉన్న 35 మందీ పోయారు. యుద్ధం అయిపోయిన దేశంలో వ్యాపారాలు మళ్ళీ నిలబెట్టడానికని కంపెనీల పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన ప్రయాణం అది. అలాగే 1995 జనవరిలో మన దేశానికీ ఒక పెద్ద బృందంతో వచ్చారు, అప్పట్లో పేపర్లలో బాగా వచ్చింది. ఆయన పోయిన ఏడాదే ఈ స్కాలర్‌షిప్ పెట్టారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మీ స్టూడెంట్‌కి కూడా చెప్పండి. ఆయన పెరిగింది న్యూయార్క్ హార్లెంలో, హోటల్ తెరీసాలో. వాళ్ళ నాన్న ఆ హోటల్ మేనేజర్. ఊళ్ళోని మిగతా పెద్ద హోటళ్ళు నల్లవాళ్ళకి గది ఇవ్వని రోజుల్లో పేరున్న గాయకులు, బాక్సర్లు వచ్చి దిగింది అక్కడే. తర్వాత వెర్మాంట్‌లో మిడిల్‌బరీ కాలేజీకి వెళ్తే, ఒక జాతీయ స్టూడెంట్ సంఘానికి అక్కడున్న శాఖ ఆయన్ని చేర్చుకుంది. తెల్లవాళ్ళకే సభ్యత్వం అనే నియమం ఉన్న జాతీయ సంఘం ఒప్పుకోలేదు. కాలేజీ కుర్రాళ్ళు ఆయన్ని వదులుకునేది లేదని తెగేసి చెప్పారు, దానికి ఆ శాఖ మొత్తాన్నే బహిష్కరించారు. 1962లో డిగ్రీ, తర్వాత సైన్యం, తర్వాత రాత్రిపూట లా కాలేజీ. పగలు పని, రాత్రి చదువు చేసినాయన పేరు మీద ఇచ్చే డబ్బుకి మీ కిరాణా షాపు కుర్రాడు అప్లై చేయడం నాకు చాలా బాగుంది.

కౌన్సెలర్_అక్క:
నేను నార్త్ కరోలినాలో హైస్కూల్ కౌన్సెలింగ్ ఆఫీసులో పనిచేస్తాను. వేరే లోకల్ మెమోరియల్ స్కాలర్‌షిప్ కమిటీలో కూర్చుని లేఖలు చదివిన అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను.

ముందు తేదీలు. రాన్ బ్రౌన్‌కి ఆఖరి తేదీ డిసెంబర్ 1. నవంబర్ 1 లోపు పంపితే ఆ అప్లికేషన్‌ని ఇంకొన్ని స్కాలర్‌షిప్‌ల వాళ్ళకి కూడా పంపిస్తారు, కాబట్టి మీరు నవంబర్ 1నే ఆఖరి తేదీ అనుకోండి. సైట్‌లో ఈ ఏడాదివి మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి. ఫైనలిస్టుల్ని వాషింగ్టన్ పిలిచి ఇంటర్వ్యూ చేస్తారు, అక్కడ మీ లేఖలో ఉన్న విషయం గురించి అడగొచ్చు, అందుకని మీరేం రాశారో అబ్బాయికి కనీసం స్థూలంగా తెలిసుండాలి.

ఇక లేఖ. మనవాళ్ళు రాసే లేఖల్లో నాకు కనిపించేది ఏంటంటే విశేషణాలు. కష్టపడతాడు, నిజాయితీపరుడు, వినయవంతుడు, పెద్దలంటే గౌరవం. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, కానీ కమిటీ టేబుల్ మీద ఉన్న ప్రతి లేఖలోనూ ఇవే ఉంటాయి. మీరు కళ్ళారా చూసిన ఒక్క సంగతి రాయండి టీచర్ గారూ. ఏ రోజు, ఏ లెక్క, వాడు ఏమన్నాడు, ఏం చేశాడు. మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటాయి, వాడి కష్టాలు వాడి వ్యాసంలో ఉంటాయి, ఆ రెండూ మీరు మళ్ళీ రాయొద్దు. ముఖ్యంగా పేదరికం గురించి జాలిగా రాయొద్దు. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు పాపం అన్నట్టు రాస్తే చదివేవాళ్ళకి పిల్లవాడు కనపడడు. మీ స్కూల్లో ఏ కోర్సు లేదో, లేనిదాన్ని వాడు ఎలా సంపాదించుకున్నాడో అది మాత్రం తప్పకుండా రాయండి, ఎందుకంటే ఆ మాట ఇంకెవరూ చెప్పలేరు.

ఒంగోలు_టు_డాలస్:
నేనొకటి అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోకండి, నిజంగానే అడుగుతున్నాను. ఆ అబ్బాయికి రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నల్లజాతి పిల్లలకి మాత్రమే అని ఎందుకు? పేద పిల్లలకి అని పెడితే ఇలాంటి అబ్బాయికీ వస్తుంది, అపలాచియా బొగ్గు గనుల ఊళ్ళో తెల్ల పిల్లకీ వస్తుంది కదా. మా పక్కింట్లో నల్లజాతి డాక్టర్ల జంట ఉన్నారు, వాళ్ళ అమ్మాయికి, మీ అబ్బాయికి ఒకే క్యూ ఎలా?

హాస్టల్_బ్యాచ్:
అన్నా, మీరు మర్యాదగా అడిగారు కాబట్టి నేనూ అలాగే చెబుతా. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నాను, స్కాలర్‌షిప్ లేకపోతే ఇంజినీరింగ్ గేటు కూడా చూసేవాడిని కాదు. ఇదే ప్రశ్న నన్ను కాలేజీలో అడిగారు, మొదటి ఉద్యోగంలో అడిగారు. మా ఊళ్ళో పేద రైతు కొడుక్కి కూడా డబ్బు లేదు, మాకూ లేదు. కానీ వాడు టీ కొట్టు బెంచీ మీద కూర్చునేవాడు, మా నాన్న నిలబడి వేరే గ్లాసులో తాగేవాడు. డబ్బు లేకపోవడం ఒకటి, లోపలికి రానివ్వకపోవడం ఇంకొకటి. రెండోదానికి ఇచ్చే సాయాన్ని మొదటిదాని కొలతతో కొలిస్తే లెక్క కుదరదు.

ఇంకోటి, ఈ స్కాలర్‌షిప్‌లో ఆర్థిక అవసరం కూడా చూస్తారు. డాక్టర్ల అమ్మాయికి అంత తేలిగ్గా రాదు.

అంబేడ్కర్ గారు 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ వచ్చి కొలంబియాలో చదివారు. ఆ యూనివర్సిటీ హార్లెం పక్కనే. ఆ డబ్బు ఇచ్చిన రోజున అది ఒక్క కుర్రాడి ఫీజే. తర్వాత ఏమైందో మనందరికీ తెలుసు. అందుకే ఎవరైనా ఒక పిల్లవాడికి ఇలాంటి లేఖ రాస్తున్నానంటే నేను పని ఆపి చదువుతాను.

ఆరెంజ్‌బర్గ్_నుంచి:
హాస్టల్_బ్యాచ్ అన్న చెప్పినదానికి ఇక్కడి చరిత్ర నుంచి ఒకటి కలుపుతాను, ఇది చాలామంది మనవాళ్ళకి తెలియదు.

దక్షిణ రాష్ట్రాలు ఒకప్పుడు నల్లజాతి పిల్లలకి స్కాలర్‌షిప్ ఇచ్చేవి. ఎందుకో తెలుసా? వేరే రాష్ట్రానికి పొమ్మని. 1930ల్లో లాయిడ్ గెయిన్స్ అనే ఆయన మిజోరీ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు అడిగితే, మా దగ్గర వద్దు, పక్క రాష్ట్రంలో చదువుకో, ఫీజు మేమే కడతాం అన్నారు. ఆయన కోర్టుకెక్కారు. 1938లో సుప్రీం కోర్టు ఆయన వైపు తీర్పు ఇచ్చింది. అయినా ఆ తర్వాత కూడా చాలా రాష్ట్రాలు ఇలా డబ్బిచ్చి బయటికి పంపడం మానలేదు. టీచర్లుగా పనిచేస్తున్న నల్లజాతి ఆడవాళ్ళు ఎమ్మే చేయడానికి వేసవి సెలవుల్లో రైలెక్కి న్యూయార్క్ దాకా వెళ్ళి వచ్చేవారు, సొంత ఊరి యూనివర్సిటీ నడిచి వెళ్ళే దూరంలో ఉన్నా సరే. 1963 దాకా మన టీచర్ గారి రాష్ట్రంలో క్లెమ్సన్ యూనివర్సిటీలో ఒక్క నల్లజాతి విద్యార్థి లేడు.

అదే రాష్ట్రంలో నేను ఉండే ఆరెంజ్‌బర్గ్‌లో 1968 ఫిబ్రవరి 8 రాత్రి, నల్లవాళ్ళని రానివ్వని బౌలింగ్ ఆలీ అనే ఆట హాలు గురించి నిరసన చేస్తున్న విద్యార్థుల మీద హైవే పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు పోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. పోయినవాళ్ళలో డిలానో మిడిల్టన్ కాలేజీ పిల్లవాడు కూడా కాదు, పదిహేడేళ్ళ హైస్కూల్ కుర్రాడు. మీ స్టూడెంట్ వయసే. వాళ్ళ ముగ్గురి పేర్లూ ఇప్పుడు ఇక్కడి సౌత్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ జిమ్ భవనానికి ఉన్నాయి. ఇది మన తాతల కాలం కాదు, ఆ పిల్లవాడి అమ్మమ్మ కాలం. ఆవిడకి గుర్తుండే ఉంటుంది.

డబ్బు సంగతికొస్తే, ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900. అంటే ఆరు రెట్ల తేడా. కాలేజీ ఫీజు కట్టేది జీతంతో మాత్రమే కాదు కదా, ఇంటి విలువ మీద, తాత ఇచ్చినదాని మీద కడతారు.

ఒంగోలు_టు_డాలస్:
గెయిన్స్ సంగతి నాకు తెలియదండీ, చదివాక చాలాసేపు ఆలోచనలో పడ్డాను. పేద పిల్లలందరికీ కూడా ఏదో ఒకటి ఉండాలనే నా మాట అలాగే ఉంది. కానీ అది దీన్ని తీసేసి కాదు, దీనికి తోడుగా. ఒక అనుమానం మాత్రం ఉంది. 2023లో కాలేజీ సీట్లు ఇవ్వడంలో జాతిని చూడకూడదని సుప్రీం కోర్టు హార్వర్డ్ తీర్పు వచ్చాక ఇలాంటివి చెల్లుతాయా? రేపు ఎవరో కేసు వేసి ఆపేస్తే ఆ అబ్బాయి పరిస్థితి ఏంటి?

న్యాయవాది_హ్యూస్టన్:
దీనికి నేను చెప్పగలను. ఇది సలహా కాదు, సమాచారం.

2023 జూన్ 29 తీర్పు కాలేజీ అడ్మిషన్ల గురించి. ప్రభుత్వ యూనివర్సిటీ తన డబ్బుతో ఇచ్చే జాతి ఆధారిత స్కాలర్‌షిప్‌లకి అంతకంటే ముందే చిక్కులు ఉన్నాయి. మేరీలాండ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులకి బెంజమిన్ బానెకర్ పేరు మీద ఒక స్కాలర్‌షిప్ ఉండేది, 1994లోనే అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రైవేటు ట్రస్టు డబ్బు వేరే సంగతి. అయితే అక్కడా ఇప్పుడు 1866 పౌరహక్కుల చట్టం కింద కేసులు వేస్తున్నారు. ఒప్పందాల్లో జాతి వివక్ష ఉండకూడదని, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం తెచ్చిన చట్టం అది. 2024 జూన్‌లో అట్లాంటాలోని అప్పీలు కోర్టు ఇదే చట్టాన్ని ఆధారం చేసుకుని, నల్లజాతి మహిళా వ్యాపారులకి ఫియర్‌లెస్ ఫండ్ అనే పెట్టుబడి సంస్థ ఇస్తున్న గ్రాంట్లని ఆపింది. దాంతో చాలా సంస్థలు భయపడి నిబంధనల్లో మాటలు మార్చుకుంటున్నాయి.

కాబట్టి పోయిన ఏడాది పీడీఎఫ్ ఎవరో పంపారని దాన్ని పట్టుకోవద్దు, ఈ ఏడాది నిబంధనలు సైట్‌లోనే చదవండి. ఇంకో ముఖ్యమైన మాట, అదే హార్వర్డ్ తీర్పులో, తన జాతి వల్ల తన జీవితంలో ఏం జరిగిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చని, దాన్ని కాలేజీలు పరిగణించవచ్చని కూడా ఉంది. వాడు తన కథ దాచుకోనక్కర్లేదు.

లెక్కల_టీచర్:
అందరికీ చాలా చాలా థాంక్స్. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఆరెంజ్‌బర్గ్ గారూ, మీరు రాసింది నిజమే, ఆ రాత్రి సంగతి వాళ్ళ అమ్మమ్మగారికి తెలుసట, వాళ్ళ అన్న అప్పుడు ఆ కాలేజీలోనే చదువుతున్నాడట.

శనివారం వాళ్ళ చర్చి హాలుకి వెళ్ళాను. ముసలివాళ్ళకి కరెంటు బిల్లు సాయం ఫారాలు వాడే ఆన్‌లైన్‌లో నింపిపెడతాడని విని, చూద్దామని. ఒక పెద్దావిడ కళ్ళజోడు మర్చిపోయి వచ్చింది. వాడు ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పి అక్షరాలు పెద్దవి చేశాడు, ఒక్కో ప్రశ్న పైకి చదివి ఆవిడ చెప్పేదాకా ఆగాడు. ఆదాయం గడి దగ్గర ఆవిడ తడబడితే, పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడకుండా కాగితం మీద రాయమని పెన్ను ఇచ్చాడు. ఇదీ నా లేఖలో పెట్టాలనుంది. నేను చదువు గురించి కదా రాయాలి, పెట్టొచ్చా?

రెండో ప్రశ్న. కాలేజీ చదువుకి కేంద్ర ప్రభుత్వ సాయం అడిగే ఫాఫ్సా ఫారంలో తల్లిదండ్రుల ఆదాయం అడుగుతోంది. వాడి అమ్మ వేరే రాష్ట్రంలో ఉంటుంది, ఎప్పుడైనా ఫోన్ చేస్తుంది అంతే. అమ్మమ్మ ఆదాయం రాస్తే సరిపోతుందా?

ఎయిడ్_ఆఫీస్_అబ్బాయి:
మేడమ్, నేను ఒక యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆగండి, అమ్మమ్మ ఆదాయం రాయించొద్దు. ఫాఫ్సా దృష్టిలో అమ్మమ్మ తల్లి కాదు, చట్టప్రకారం దత్తత తీసుకుంటే తప్ప. చాలామంది ఇక్కడే పొరపాటు చేసి నెలలు పోగొట్టుకుంటారు. మీరు అడగాల్సింది ఒక్కటే, కోర్టు ఇచ్చిన గార్డియన్‌షిప్ కాగితం ఉందా? ఉంటే వాడు ఇండిపెండెంట్ విద్యార్థి, వాడి సొంత ఆదాయం రాస్తే చాలు. లేకపోతే అమ్మ వివరాలు, అమ్మ సొంత లాగిన్, అమ్మ సంతకం కావాలి. అమ్మతో నిజంగా సంబంధాలు తెగిపోయి ఉంటే ప్రత్యేక పరిస్థితి అని టిక్ పెట్టి, కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి రుజువులు ఇవ్వాలి, అప్పుడు కౌన్సెలర్ లేఖ పనికొస్తుంది. ఊరికే అమ్మమ్మ ఇంట్లో ఉండటం మాత్రం సరిపోదు.

ఇక అసలు విషయం, ఎవరూ చెప్పనిది. రాన్ బ్రౌన్ వచ్చిందనుకోండి, ఏడాదికి పది వేలు. ఆ సంగతి కాలేజీకి చెప్పి తీరాలి. చెప్పగానే కొన్ని కాలేజీలు తాము ఇస్తామన్న గ్రాంట్‌లోంచి అంత మొత్తం తగ్గించేస్తాయి. పిల్లవాడి చేతికి కొత్తగా వచ్చేది సున్నా. కొన్ని కాలేజీలు ముందు లోను, క్యాంపస్ ఉద్యోగం తగ్గించి ఆ తర్వాతే గ్రాంట్ జోలికి వెళ్తాయి, అది మంచి పద్ధతి. మేరీలాండ్ 2017లోనే ప్రభుత్వ కాలేజీలు ఇలా కోత పెట్టకుండా చట్టం తెచ్చింది, అలా తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. అందుకని కాలేజీ ఖాయం చేసుకునే ముందే ఈమెయిల్‌లో అడగమనండి: బయటి స్కాలర్‌షిప్ వస్తే మీరు ముందు దేన్ని తగ్గిస్తారు? జవాబు రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

డబ్బు లేని విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ పూర్తిగా వస్తే 2025-26కి 7,395 డాలర్లు. మీ రాష్ట్రంలోనే చదివితే, మార్కులు సరిపోతే, రాష్ట్రం ఇచ్చే లైఫ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 5,000 దాకా వస్తుంది, అది రాష్ట్ర లాటరీ డబ్బు. ఇవన్నీ పెట్టుకున్నాక రాన్ బ్రౌన్ కలిస్తే హాస్టల్, తిండితో సహా గడిచిపోయే కాలేజీలు ఉన్నాయి. ఒక్క స్కాలర్‌షిప్ మీదే ఆశ పెట్టుకోనివ్వకండి, జాకీ రాబిన్సన్ ఫౌండేషన్‌ది కూడా చూడమనండి. ఆ బేస్‌బాల్ ఆటగాడు పోయాక 1973లో ఆయన భార్య రేచెల్ గారు పెట్టినది.

హాస్టల్_బ్యాచ్:
ఎయిడ్_ఆఫీస్ తమ్ముడూ, ఈ కోత సంగతి చదివి ఒళ్ళు మండింది. చనిపోయిన మనిషి పేరు మీద పది మంది కూడబెట్టిన డబ్బు కాలేజీ ఖజానాలో కలిసిపోతుందా? ఈ పోస్టుని పైన పిన్ చేయాలి.

కౌన్సెలర్_అక్క:
టీచర్ గారూ, చర్చి హాలు సంగతి తప్పకుండా పెట్టండి. చదువు గురించిన లేఖ అంటే మార్కుల గురించి మాత్రమే కాదు. రెండో లేఖ రాసేది పాస్టర్ గారైతే మాత్రం, ఆయన అదే రాయకుండా ముందే మాట్లాడుకోండి. అక్కడ పెన్ను ఇచ్చిన సంగతి మీరు రాయండి, సంవత్సరాల తరబడి సేవ గురించి ఆయన రాస్తారు.

లెక్కల_టీచర్:
కోర్టు కాగితం ఉందండీ! అమ్మమ్మగారు పర్సులో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నారు, ఇంతకాలం స్కూల్లో ఎవరూ అడగలేదట. నేను చూశాను, జడ్జి సంతకం, సీలు ఉన్నాయి.

లేఖ ఇంగ్లీషులో రాశాను. మధ్య పేరా తెలుగులో చెబుతాను, ఎలా ఉందో చూడండి:

"మా స్కూల్లో కాలిక్యులస్ మొదటి భాగం వరకే ఉంది. అక్టోబర్‌లో ఒక సాయంత్రం ఇతను అనంత శ్రేణి ఒకటి తెచ్చి, ఇది ఒక విలువ దగ్గర ఆగుతుందని పుస్తకం చెబుతోంది, నాకు నమ్మకం కుదరడం లేదు అన్నాడు. నేను సూత్రం చెప్పబోతే వద్దన్నాడు. నలభై పదాలు చేత్తో కూడి, ప్రతి మొత్తాన్నీ గ్రాఫ్ కాగితం మీద చుక్క పెట్టాడు. చుక్కలు ఎక్కడ దగ్గరపడుతున్నాయో చూశాకే సూత్రం అడిగాడు. ఆ రోజు ఆరింటికి షాపులో డ్యూటీ ఉందని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మర్నాడు ఆ కాగితం వెనక వైపు ఇంకో శ్రేణి ఉంది, అది ఎక్కడా ఆగనిది."

కౌన్సెలర్_అక్క:
దీన్ని ముట్టుకోకండి. ఒక్క కామా కూడా మార్చొద్దు. ఆఖర్లో "ఎలాంటి సందేహం లేకుండా సిఫారసు చేస్తున్నాను" అనే వాక్యం, మీరు అతనికి ఎంతకాలంగా ఏ సబ్జెక్టు చెబుతున్నారో చెప్పే వాక్యం ఉంటే చాలు. మొత్తం ఒక పేజీ దాటనివ్వకండి. స్కూల్ లెటర్‌హెడ్ మీద, సంతకం పెట్టి, పీడీఎఫ్ చేసి, ఆఖరి రోజు రాత్రి దాకా ఆగకుండా పంపండి, ఆ రాత్రి సైట్లు మొరాయిస్తాయి.

ఒంగోలు_టు_డాలస్:
టీచర్ గారూ, వాషింగ్టన్ ఇంటర్వ్యూకి పిలుపు వస్తే మా చెల్లి వాళ్ళు అక్కడే వర్జీనియాలో ఉంటారు. ప్రయాణ ఖర్చులు వాళ్ళే చూసుకుంటారేమో కానీ, ఎయిర్‌పోర్టులో దింపడం, కోటు, బూట్లు, ఏది కావాలన్నా మొహమాటపడకుండా ఇక్కడ రాయండి.

ఎయిడ్_ఆఫీస్_అబ్బాయి:
ఆ గార్డియన్‌షిప్ కాగితం రంగుల్లో స్కాన్ చేయించి వాడి ఈమెయిల్‌కి, మీ స్కూల్ కౌన్సెలర్‌కి పంపించండి మేడమ్. ప్రతి కాలేజీ విడిగా అడుగుతుంది. ఒరిజినల్ మాత్రం అమ్మమ్మగారి దగ్గరే ఉండనివ్వండి.